లారీకి చేయించిన పన్నెండు కమ్మలు

పోయినవి ముందు చెబుతాను. రజాకార్ల రోజుల నుంచి మిలిటరీ క్యాంపుల రోజుల దాకా మా ఇంట్లో పోయినవి ఇవి. జనగామ దగ్గరి మా ఊళ్ళో మూడు దూలాల ఇల్లు ఒకటి, కాలిపోయింది. ఎడ్లు రెండు. వడ్లు పదకొండు బస్తాలు. మోటబొక్కెన ఒకటి. మా బాపు. మా అక్క లచ్చమ్మకు రెండు కాన్పులు. మొదటిది మగపిల్లవాడు, తొమ్మిది రోజులు బతికాడు. రెండోది ఆడపిల్ల, పుట్టి ఏడవనే లేదు.

ఇంత పోయినా నాకు ఒక్క దయ్యమూ కనిపించలేదు. చచ్చినవాళ్ళు తిరిగి రావడమే ఉంటే మా బాపు ఒక్కసారైనా వచ్చి ఎడ్ల సంగతి అడిగేవాడు. అడగలేదు. కనుక అలాంటివి ఉన్నాయని నేను అనుకోలేదు. ఇప్పటికీ గట్టిగా అనలేను. కానీ ఒక్క విషయంలో నా లెక్క కుదరలేదు. అది రాసి పెడుతున్నాను.

నేను బడికి పోయింది నాలుగు నెలలే. లెక్కలు జనగామ గంజిలో, అంటే ధాన్యం బజారులో, వడ్లు కొలిచే చోట నేర్చుకున్నాను. ఎక్కాలు బస్తాల మీద వేళ్ళతో రాసుకొని వచ్చినవే. ఇప్పుడు నాకు నలభై ఒకటి. అప్పుడు ఇరవై ఎనిమిది. ఇల్లు పోయాక మానుకోటకు వచ్చి (మహబూబాబాద్‌ను మేము అలాగే అంటాం) ఒక వడ్ల మిల్లులో గుమాస్తాగా కుదిరాను.

మిల్లుకు ఒక ముసలి లారీ ఉండేది. మా దగ్గరికి రాకముందు భూపాలపల్లి అడవిలో నాలుగేళ్ళు కలప మోసింది. ఆ కుదుపులకు, ఆ ఎండకు దాని కరెంటు తీగల మీది బట్ట చుట్టు పొట్టులా రాలిపోయేది. తీగ చివర ఒక ఇత్తడి ముక్క ఉంటుంది. మధ్యలో కన్ను, ఆ కన్నులో నుంచి మర బిగిస్తారు. దాన్ని డ్రైవర్లు తింబుల్ అంటారు. మా లారీ తింబుళ్ళు అరిగి, పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే విరిగేవి.

డ్రైవరు యేసుదాసు డోర్నకల్ మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. అతను నన్ను లెక్కల మల్లయ్య అని ఎగతాళి చేసేవాడు.

కోతలు అయిపోయిన కాలం. వడ్లు ఎత్తడానికి దంతాలపల్లి పోయాం. దారిలో లారీ మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ వేరువేరు తీగ. ఊరి మొదట్లో నాలుగోసారి ఆగిపోయింది. అక్కను ఇచ్చిన ఊరు అదే కాబట్టి, యేసుదాసును లారీ దగ్గర వదిలి నేను అక్క ఇంటికి నడిచాను.

వాకిట్లో ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. అక్కకు ముందురోజు సాయంత్రం నుంచి నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులు కడుక్కొని బయట కూర్చుంది. బావ వెంకటయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బామ్మర్దీ, లారి తెచ్చినవా? జర డోర్నకల్ దవాఖానకు కొంటవోదాం."

లోపల నుంచి అక్క గొంతు వినిపించింది. "తమ్మీ, ఇది గూడ పోతదారా?"

 మిల్లు వాళ్ళిచ్చిన జేబు గడియారం తీసి చూశాను. పన్నెండు గంటల ఐదు నిమిషాలు. డోర్నకల్ మరిపెడ మీదుగా ముప్పై మైళ్ళకు కొంచెం తక్కువ. రోడ్డు మీద అక్కడక్కడ కమ్యూనిస్టు దళాల వాళ్ళు గండ్లు కొడితే, మిలిటరీ వాళ్ళు మళ్ళీ వదులుగా పూడ్చారు. గంటకు పదిహేను మైళ్ళకు మించి పోలేం. పొద్దు గూకాక రోడ్డు మీద బండి కనిపిస్తే కాలుస్తామని మిలిటరీ హుకుం ఉంది. పొద్దు గూకేది ఆరింటికి; దారికి రెండు గంటలు, అడ్డంకులకు అరగంట పోను, మూడున్నర లోపల లారీ కదలాలి. ఎడ్లబండి మీద అయితే తెల్లవారుతుంది.

పరుగెత్తి పోయి యేసుదాసుకు చెప్పాను. అతను విరిగిన తీగను మర చుట్టూ ఉత్తగా చుడుతున్నాడు.

"అన్నా, గట్ల ఒక్కటి అతికిస్తే ఇంకోటి ఊడతది. అక్క లారిల ఉంటది. నడిమిట్ల ఆగితే ఎట్ల?"

"మరి ఏం జెయ్యమంటవు? అన్ని కొత్తయి వెయ్యాల్నంటే వరంగల్ పోవాలె."

"ఎన్ని కావాలె? అది జెప్పు."

అతను చెబుతుంటే నేను లెక్కపెట్టాను. పగటిపూటే పోవాలి కాబట్టి దీపాల తీగలు వద్దు, హారన్ వద్దు. బ్యాటరీ లావు తీగలు బాగానే ఉన్నాయి. ఇంజను నడవడానికి, బ్యాటరీ నిండడానికి కలిపి కావలసిన సన్న తీగలు ఆరు. తీగకు రెండు కొసలు. పన్నెండు తింబుళ్ళు.

ఆ ఊళ్ళో ఇత్తడితో సన్న పని చేయగలిగింది బంగారప్పని చేసే అవుసల బ్రహ్మయ్య ఒక్కడే. అరవై దాటిన మనిషి. ఆ రోజుల్లో బంగారం చేయించేవాళ్ళు లేక కుంపటి చల్లారి ఉంది. పాత తింబుల్ ఒకటి చేతిలో పెట్టి, ఇలాంటివి పన్నెండు కావాలన్నాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లారికి కమ్మలా? పెండ్లెప్పుడు?"

"తాతా, మా అక్క పానం మీదికొచ్చింది."

ఆ మాటతో అతని ముఖం మారింది. కుంపటి ఊదుతూనే ఇత్తడి రేకు ముక్క ఒకటి తీశాడు. కానీ దాన్ని ముందు త్రాసులో పెట్టాడు. నాకు కాలు నిలవడం లేదు. బంగారం కాదు గదా తాతా, తూకం ఎందుకన్నాను. "నాకు తూకం లేంది చెయ్యి కదలది. నువ్వు అరిస్తే ఇంక ఆలస్యమైతది" అన్నాడు. రేకు తూగింది రెండు తులాలు. అతని లెక్కలో తులానికి తొంభై ఆరు గురిగింజలు. అంటే నూట తొంభై రెండు.

అతని ఉలి అంచుకు ఒకచోట చిన్న నొక్కు ఉంది. అందువల్ల కోసిన ప్రతి ముక్క అంచున వెంట్రుక లాంటి గీత పడుతోంది. అది నేను అప్పుడే గమనించాను. చేతికి పని లేక చూస్తూ కూర్చున్నాను కాబట్టి.

పన్నెండూ అయ్యాక మళ్ళీ తూచాడు. నూట అరవై ఎనిమిది. ఒక్కొక్కటి పద్నాలుగు. మిగిలిన కత్తిరింపులూ రజనూ పళ్ళెంలోకి ఊడ్చి తూస్తే ఇరవై నాలుగు. మొత్తం నూట తొంభై రెండు, చుక్క తేడా లేదు. నేను కూడా ఒక్కొక్కటే దస్తీలో వేసుకుంటూ లెక్కపెట్టాను. గంజి అలవాటు కొద్దీ మొదటిదాన్ని లాభం అంటాం, తర్వాత రెండు, మూడు. చివరిది పన్నెండు.

ఆ చివరిదాని కన్ను సన్నగా ఉందని బ్రహ్మయ్య దాన్ని దస్తీలోంచి తిరిగి తీసుకొని ఆకురాయి పట్టాడు. అప్పుడే బావ గుమ్మంలోకి వచ్చి, అక్కకు కళ్ళు తేలిపోతున్నాయన్నాడు. నేను దస్తీ ముడి వేసుకొని పరుగెత్తాను. పన్నెండోది అతని చేతిలోనే ఉండిపోయిందన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.

యేసుదాసు పాతవన్నీ కత్తిరించి ఒక రేకు డబ్బాలో వేశాడు. నేను లెక్కపెట్టాను, పన్నెండు ఉన్నాయి. కొత్తవి తీగ కొసకు తొడిగి పటకారుతో నొక్కాడు. టంకం వేసే తీరిక లేదు. పదకొండు అయ్యాయి. దస్తీ దులిపాను. ఖాళీ.

బ్రహ్మయ్య ఇల్లు ఊరి అవతలి కొసన ఉంది. గడియారం మూడూ ఇరవై దాటింది. మిగిలిన కొస, ఇంజనుకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గరిది. ఎన్నోసార్లు తెగి తెగి అందులో మూడు రాగి పోగులే ఉన్నాయి. యేసుదాసు వాటిని మర చుట్టూ చుట్టి బిగించాడు.

"ఇంతే మల్లయ్యా. కుదుపు పడకపోతే పోతది."

లారీలో గడ్డి పరిచి, దాని మీద అక్కను మంచంతో సహా ఎక్కించాం. బావ, అక్క అత్త, నేను వెనుక కూర్చున్నాం. మూడూ నలభైకి కదిలాం. ఆలస్యం పది నిమిషాలు.

నొప్పికీ నొప్పికీ మధ్య నేను మనసులో లెక్కపెడుతూ ఉన్నాను. చేయగలిగింది అది ఒక్కటే. మొదట్లో మూడు వందల దాకా వచ్చేది. మరిపెడకు ఇంకా రెండు మైళ్ళుందనగా రెండు వందలు కూడా రావడం లేదు. అక్క నా చేయి పట్టుకొని, "ఎంతకొచ్చిందిరా?" అని అడిగేది. నేను అంకె చెప్పేవాణ్ణి. ఆ అంకె విని మళ్ళీ కళ్ళు మూసుకునేది.

అక్కడ ఒక గండి ఉంది. పూడ్చిన మన్ను కుంగి, ఎడమవైపు చక్రాలు దిగబడ్డాయి. లారీ ఒక్క ఎత్తు లేచి పడింది. ఇంజను ఆగింది.

నేను దూకి ముందుకు పోయేసరికి యేసుదాసు బానెట్ ఎత్తి చూస్తున్నాడు. మూడు పోగులూ మర దగ్గరే తెగిపోయి ఉన్నాయి. తీగ కొస వేలాడుతోంది. చుట్టడానికి దానికి రాగి మిగల్లేదు. నేను నా కళ్ళతో చూశాను, వేలితో ముట్టుకొని కూడా చూశాను.

"హారన్ వైరు గుంజి దీనికి ముడేస్త. జర ఆగు" అన్నాడు.

అంతలో వెనుక నుంచి బావ కేక వేశాడు. లారీ ఒరగడంతో మంచం జారి అక్క పక్క చెక్కకు ఒత్తుకుపోతోంది. మంచం ఎత్తాలంటే నలుగురం కావాలి. యేసుదాసు కూడా వచ్చాడు. బానెట్ తెరిచే ఉంది. ఇద్దరం లారీ ఎక్కాం. మంచం ఎత్తి, ఎదురువైపుకు జరిపి, తాడుతో చెక్కకు కట్టాం.

అప్పుడు కూడా నా నోట్లో లెక్క నడుస్తూనే ఉంది. ఎక్కినప్పుడు ఏడు. దిగినప్పుడు నూట తొంభై ఒకటి. మధ్యలో నూట ఎనభై నాలుగు అంకెలు. మూడు నిమిషాలు అనుకోండి. లారీ వెనుక నిలబడితే క్యాబిన్ అడ్డం వల్ల బానెట్ కనిపించదు, నిజమే. కానీ రోడ్డు రెండు వైపులా కనిపిస్తుంది. అటూ ఇటూ కోసిన మళ్ళు. పాముకు కూడా చాటు లేదు. మనిషి లేడు, మేక లేదు.

నేను దిగి ముందుకు వచ్చేసరికి బానెట్ మూసి ఉంది. యేసుదాసు నాకంటే ముందు దిగాడు కాబట్టి, అతనే ఏదో కలిపి మూశాడనుకున్నాను. ఇంజను తిప్పే హ్యాండిలు తీసుకొని ఎదుట నిలబడ్డాను. అతను సీట్లో కూర్చున్నాడు. ఒకటే తిప్పు. ఇంజను అందుకుంది, లారీ గండిలోంచి పైకి వచ్చింది.

మరిపెడ దాటాం. తర్వాత ఇంకో రెండు గండ్లు వచ్చాయి, మొదటిదానికంటే చెడ్డవి. లారీ ఎగిరి పడింది కానీ ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు. డోర్నకల్‌లో మిషన్ దవాఖాన గేటు ముందు ఆగినప్పుడు గడియారం ఆరుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. పొద్దు ఇంకా చింతకొమ్మల మీదే ఉంది.

ఆరూ ముప్పై ఐదుకు ఆడపిల్ల. ఏడ్చింది. గట్టిగా, అక్క అత్త కంటే గట్టిగా ఏడ్చింది. నర్సమ్మ తూచి ఐదు పౌండ్ల మూడు ఔన్సులంది. తల్లికి రక్తం చాలా పోయింది గానీ భయం లేదంది. నేను వరండా మెట్ల మీద కూర్చున్నాను.  ఆ అంకె, ఐదు పౌండ్ల మూడు ఔన్సులు, ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలియదు. నా బతుకులో లెక్క తప్పింది అప్పుడే.

యేసుదాసు వచ్చి పక్కన కూర్చున్నాడు. దండం పెట్టుకున్నాడు. బీడీ ముట్టించాడు.

"మల్లయ్యా, మాటంటే మాటే. వైరు మంచిగ కట్టినవు. గన్ని కుదుపులల్ల ఊడలే."

"నేనెక్కడ కట్టిన అన్నా? నువ్వు గదా కట్టి బానెట్ మూసింది!"

బీడీ అతని వేళ్ళ మధ్యే ఆగిపోయింది.

"నేను కట్టలేదయ్యా. నేను దిగి పొదచాటుకు పోదామంటే పొద గూడ లేకపాయె, అటు తిరిగి నిలబడి వచ్చిన. వచ్చేటాల్లకు బానెట్ మూసి ఉన్నది, నువ్వు హ్యాండిలు పట్టుకొని ఉన్నవు."

ఇద్దరం లారీ వైపు చూశాం. లేచి పోయి చూద్దామని ఇద్దరిలో ఒక్కరమూ అనలేదు. భయం అని చెప్పను. నడుస్తున్నదాన్ని విప్పి చూడబుద్ధి కాలేదు.

తెల్లవారి ఎండ పడ్డాక బానెట్ ఎత్తాం. డిస్ట్రిబ్యూటర్ మరకు కొత్త తింబుల్ బిగించి ఉంది. పసుపుపచ్చగా మెరుస్తోంది. మిగతా పదకొండింటిలా పటకారు నొక్కు లేదు. తీగకు నిండుగా టంకం వేసి ఉంది, సాఫుగా, చుక్క కూడా పక్కకు కారకుండా. టంకం వేయాలంటే నిప్పు కావాలి. ఆ రోడ్డు మీద యేసుదాసు అగ్గిపెట్టె తప్ప నిప్పు లేదు. అదీ అతని జేబులోనే ఉంది.

"నేను బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్త" అన్నాడు. చెప్పాడు కూడా, దవాఖాన గుడి ముందు నిలబడి.

మూడో రోజు దంతాలపల్లి పోయాం. లారీ నేరుగా బ్రహ్మయ్య వాకిట్లో ఆపించాను. నన్ను చూడగానే అతను పీట మీద నుంచి ఒకటి తీసి నా ముందు పడేశాడు.

"ఏమయ్యా లెక్కలోడా, కమ్మ మరిచిపోతివి. నీ వెనక అరుసుకుంట వాడ దాటొచ్చిన. నీకేం, గుర్రం లెక్క ఉరుకుతవు."

పన్నెండోది. కన్ను వెడల్పు చేసి ఉంది. తూచమన్నాను. పద్నాలుగుకు కొంచెం తక్కువ. ఆకురాయికి పోయిన రజను అంత.

అప్పుడు బానెట్ ఎత్తి ఇంకోదాన్ని చూపించాను. అతను వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చూశాడు. కుంపటి దగ్గరికి తెచ్చి, టంకం కరిగించి, తీగ నుంచి విడదీసి తూచాడు: ఇత్తడి పద్నాలుగు, అంటుకున్న టంకం ఒకటి. అంచు వెలుతురుకు పట్టాడు. ఉలి నొక్కు గీత ఉంది. అదే చోట, అదే వాలుగా. గీటురాయి మీద మిగిలిన కత్తిరింపునూ దీన్నీ పక్కపక్కన గీసి చూశాడు. రెండు గీతల రంగూ ఒకటే.

"నా ఉలి పనే ఇది" అన్నాడు. తర్వాత, "నేను చెయ్యలే" అన్నాడు.

రేకు అంతా మళ్ళీ లెక్క చూశాం. పదకొండింటిని లారీ నుంచి విప్పించాను. యేసుదాసు తిట్టుకుంటూ విప్పాడు. పదకొండు, బ్రహ్మయ్య దగ్గర మిగిలిన పన్నెండోది, కత్తిరింపులు, రజను. అన్నీ కలిపితే నూట తొంభై రెండు. ఆ రేకు నుంచి ఇంకొకటి రావడానికి ఇత్తడి లేదు. ఆ రోజు తన ఇంట్లో వేరే ఇత్తడి రేకు లేదని బ్రహ్మయ్య కుంపటి ముట్టుకొని చెప్పాడు. అతను ఊరు కదల్లేదని వాడంతా చెప్పింది.

నేను తోచినవన్నీ తీసివేసి చూశాను. లెక్కలో లాభం అనడం వల్ల ఒకటి ఎక్కువ తక్కువ అయిందేమో అంటే, తూకం ఒప్పుకోదు. పాతది ఒకటి తీగకు మిగిలిందేమో అంటే, పాతవి పన్నెండూ డబ్బాలో ఉన్నాయి. అక్క అత్తనూ బావనూ అడిగాను. వాళ్ళు మంచం వదిలి దిగలేదు. గండ్లు కొట్టే దళం వాళ్ళెవరైనా వచ్చి చేశారేమో అని బావ అన్నాడు. వాళ్ళు చేసి ఉంటే దండం పెడతాను. కానీ మూడు నిమిషాల్లో, నిప్పు లేకుండా, బ్రహ్మయ్య ఉలితో ఎలా చేస్తారో వాళ్ళే చెప్పాలి.

అక్క మాత్రం ఏమీ అడగలేదు. సంగతంతా విని, పాలు తాగుతున్న పిల్లను చూపించింది. "అది బతికింది. నువ్వు లెక్క ఆపురా తమ్మీ, జర ఇంత తిను" అంది. ఆ రోజు నేను నిజంగానే ఆపి తిన్నాను. అంత కడుపునిండా తిని మూడేళ్ళయింది.

లారీని తర్వాత తుక్కు కింద అమ్మేశారు. యేసుదాసు రైల్వేలో చేరాడు. మేనకోడలికి ఇప్పుడు పదమూడేళ్ళు, కూడికలు నాకంటే తొందరగా చేస్తుంది. ఆ తింబుల్ నా దగ్గరే ఉంది. లారీకి బ్రహ్మయ్య చేసిన పన్నెండోదే బిగించి, దీన్ని తీసుకుపోయి అతనికి ఇవ్వబోయాను. వద్దన్నాడు. "నా తూకం సరిపోయింది. నాది కాంది నేనెట్ల తీసుకుంట?" అన్నాడు. యేసుదాసు కూడా ముట్టుకోలేదు.

అందుకని అది నా బాకీగానే ఉంది. ఎవరికో తెలియదు. వాళ్ళ ముఖం ఎలా ఉంటుందో, వాళ్ళకు ముఖం ఉందో లేదో కూడా తెలియదు. తెలిసిన రోజు ఇస్తాను. ఇవాళ్టి వరకు ఇవ్వవలసింది ఇత్తడి పద్నాలుగు గురిగింజల ఎత్తు, దాని మీది టంకం ఒకటి. మొత్తం పదిహేను.